కెడిల్‌స్టన్ హాల్ చూడ్డానికి మాకు మూడు నెలలు పట్టింది

ఇంగ్లండ్‌లో డెర్బీ దగ్గర ఉన్న మా ఇంటి నుంచి కెడిల్‌స్టన్ హాల్ అనే పాత బంగళాకి కారులో పావుగంట. ఆ పావుగంట దూరం వెళ్లి, లోపలికి అడుగుపెట్టి, చూడాల్సింది చూసి రావడానికి మాకు జూన్ 9 నుంచి సెప్టెంబర్ 2 దాకా పట్టింది. డెర్బీ చుట్టుపక్కల మా పిల్లల్లాంటి పిల్లలున్న తెలుగువాళ్లు కొంతమంది నాకు తెలుసు. ఇలాంటి పాత బంగళాల మాట ఎత్తితే "మనకెందుకులెండి, పార్కు చాలు" అంటారు. నేనూ ఇన్నేళ్లూ అదే అన్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా పాపకి పన్నెండేళ్లు, డౌన్ సిండ్రోమ్. కబుర్లకి కొదవ లేదు గానీ మెట్లంటే కష్టం. కండరాల్లో పట్టు తక్కువ, పది మెట్లెక్కితే కాసేపు కూర్చోవాలి. బాబుకి ఎనిమిదేళ్లు, ఆటిజం. మాటలు రాలేదు. పెద్ద శబ్దం తట్టుకోలేడు. దేన్నైనా చేత్తో తాకితేనే చూసినట్టు వాడికి. ఒకరు నెమ్మదిగా నడవాలి, ఇంకొకరు ఆగలేరు. ఇద్దర్నీ ఒకేసారి ఎక్కడికైనా తీసుకెళ్లడమంటే మా ఆయనా నేనూ చెరో దిక్కుకీ చీలిపోవడమే.

వెళ్దామని అడిగింది పాప. స్కూల్లో ఏదో పుస్తకంలో పెద్ద మెట్లు, పెద్ద దీపాలు ఉన్న ఇల్లు చూసింది. నెల రోజులు "రాణి ఇల్లు, రాణి ఇల్లు" అని ఒకటే పాట.

జూన్ 9 ఆదివారం మొదటిసారి వెళ్లింది కెడిల్‌స్టన్‌కి కాదు, గంట దూరంలో ఉన్న ఇంకో బంగళాకి. దాని పేరు ఇక్కడ అనవసరం. నలుగురికీ కలిపి దాదాపు యాభై పౌండ్లు పెట్టి టికెట్లు కొన్నాం. మధ్యాహ్నం పన్నెండున్నర, బాగా జనం. ముందు టాయిలెట్‌కి వెళ్లాం. అక్కడ చేతులు ఆరబెట్టే మిషన్ ఒక్కసారిగా మోగింది. బాబు అప్పుడే సగం చెదిరిపోయాడు. నేను అది గమనించి కూడా, టికెట్ కొన్నాం కదా అని లోపలికి తీసుకెళ్లాను. అది నా తప్పే.

లోపల చీకటి. పాత పట్టు తెరలు, తివాచీలు వెలిసిపోకుండా కిటికీలకి తెరలు దించి ఉంచుతారని నాకు అప్పటికి తెలీదు. ఎండలోంచి చీకటిలోకి వచ్చేసరికి వాడికి ఏమీ పాలుపోలేదు. ఎదురుగా తాడు, తాడు అవతల కుర్చీ, కుర్చీలో ఎండిపోయిన ముళ్ల పువ్వు ఒకటి. ఎండిన ఉమ్మెత్తకాయ ముళ్లుముళ్లుగా ఉంటుంది చూడండి, అలా ఉంది. కాకపోతే కోడిగుడ్డు ఆకారంలో పొడుగ్గా, గోధుమ రంగులో. ఇక్కడ టీజిల్ అంటారు. వాడు తాడు కింద నుంచి దూరి దాన్ని పట్టేసుకున్నాడు. గదిలో కూర్చున్న పెద్దాయన మర్యాదగానే లేచి వచ్చారు. ఇంతలో మా ఆయన వాడి చెయ్యి పట్టుకున్నారు. వాడు నేల మీద పడిపోయి కేకలు. పాప మెట్ల మీద కూర్చుని చెవులు మూసుకుంది. పక్కనుంచి వెళ్తున్న ఒకావిడ తన భర్తతో, "ఇలాంటి పిల్లల్ని ఇలాంటి చోట్లకి ఎందుకు తెస్తారో" అంది. మెల్లగానే అంది, నాకు వినబడింది.

లోపలికి వెళ్లిన ఇరవై అయిదు నిమిషాల్లో బయటికి వచ్చేశాం. కారులో ఎవరం మాట్లాడలేదు. ఇంటికొచ్చి బాబుని దించుతుంటే చూశాను, వాడి గుప్పిట్లో ఆ టీజిల్ అలాగే ఉంది. ముళ్లు గుచ్చుకుని అరచెయ్యంతా ఎర్రగా కందిపోయింది, అయినా వదల్లేదు.

మర్నాడు ఆ బంగళాకి ఫోన్ చేశాను. సారీ చెప్పి, పోస్టులో తిరిగి పంపిస్తానన్నాను. ఫోన్ తీసినావిడ వద్దన్నారు. తోటలో బోలెడు ఉంటాయట. పాత కుర్చీల్లో ఎవరూ కూర్చోకుండా అవి పెడతారట. బోర్డు పెట్టి "కూర్చోరాదు" అని రాసే బదులు ఒక ముళ్ల పువ్వు పెడితే ఎవరికైనా అర్థమవుతుంది కదా అన్నారు. బాబు దగ్గరే ఉంచుకోమన్నారు. తర్వాత ఆవిడే అడిగారు, "వచ్చే ముందు మాకొకసారి ఫోన్ చెయ్యకపోయారా?" అని. ఫోన్ చెయ్యొచ్చని నాకు తట్టనే లేదు. పదేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. హాస్పిటల్‌కి, స్కూల్‌కి, కౌన్సిల్‌కి చేసిన ఫోన్లకి లెక్కే లేదు. సరదాగా వెళ్లే చోటుకి కూడా ముందు ఫోన్ చేసి మా పిల్లల సంగతి చెప్పొచ్చని ఎప్పుడూ అనుకోలేదు.

ఆవిడ చెప్పగానే తెలిసిన ఇంకో సంగతి, కెడిల్‌స్టన్ లాంటి పాత బంగళాల్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్లు ఎసెన్షియల్ కంపానియన్ కార్డు అని ఒకటి ఇస్తారు. ఉచితం. వైకల్యం ఉన్న మనిషి టికెట్టో మెంబర్‌షిప్పో తీసుకుంటే, సాయంగా వచ్చేవాళ్లకి టికెట్ అక్కర్లేదు. కార్డు పిల్లల పేరు మీదే వస్తుంది, మన పేరు మీద కాదు. కాబట్టి ఈసారి నేను, వచ్చేసారి వాళ్ల నానమ్మ, ఎవరైనా వెళ్లొచ్చు. జూలై 10న ఇద్దరికీ అప్లై చేశాను, 22న పోస్టులో వచ్చాయి. వైకల్యం ఉన్నవాళ్ల కారు పార్కింగ్ కోసం ఇచ్చే బ్లూ బ్యాడ్జ్‌కి మేం తొమ్మిది వారాలు ఎదురుచూసినవాళ్లం, ఇది పన్నెండు రోజుల్లో వచ్చేసరికి కవరు రెండుసార్లు తిప్పి చూసుకున్నాను.

ట్రస్ట్ మెంబర్‌షిప్ కూడా తీసుకున్నాం, నెలనెలా బ్యాంకు నుంచి కట్టేలా. నా మట్టుకు దీనివల్ల వచ్చిన అసలు లాభం డబ్బు కాదు. కార్డు చూపించి లోపలికి వెళ్లి, పది నిమిషాలకే బయటికి వచ్చేసినా మనసు పీకదు. యాభై పౌండ్లు పోతాయన్న బాధే ఆ రోజు నన్ను లోపలికి తోసింది. మెంబర్లకి పార్కింగ్ డబ్బులు కూడా ఉండవు.

జూలైలో మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చారు, ఆరు నెలల వీసా మీద. ఈసారి కెడిల్‌స్టన్ అనుకున్నాం, దగ్గర కాబట్టి. ముందే ఫోన్ చేసి నాలుగు సంగతులు అడిగాను: జనం ఏ టైమ్‌లో తక్కువ, పై అంతస్తుకి మెట్లు ఎలా ఉంటాయి, పాప కూర్చోవడానికి మడత స్టూల్ తెచ్చుకోవచ్చా, మధ్యలో బయటికొచ్చి మళ్లీ వెళ్లొచ్చా. ఓపిగ్గా చెప్పారు. మధ్యాహ్నం రెండున్నర దాటాక రమ్మన్నారు.

జూలై 27న వెళ్లింది ఊరికే బయట తిరగడానికి. లోపలికి వెళ్లకూడదని ముందే అనుకున్నాం. చెరువు, దాని మీద మూడు కమానుల వంతెన, గొర్రెలు, అటు తిరిగితే ఆరు పెద్ద స్తంభాలతో ఇంటి ముఖద్వారం. నేను దారిపొడుగునా ఫోటోలు తీశాను. గేటు, కారు పెట్టే చోటు, కార్డు చూపించే కిటికీ, తలుపు, టాయిలెట్ బోర్డు. ముప్పావు గంట తిరిగి ఇంటికి బయల్దేరితే అత్తయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. "ఇంత దూరం వచ్చి గుమ్మం తొక్కకుండా వెళ్లిపోతామా అమ్మాయ్?" అన్నారు. మా ఆయనకీ నచ్చలేదు, పైకి అనలేదు. నాకూ లోపలికి వెళ్లాలనే ఉంది. బాబు అప్పటికి నవ్వుతూ ఉన్నాడు. వాడు నవ్వుతుండగా ఇంటికి తీసుకెళ్లాలి, అదే నా పట్టుదల.

ఆ ఫోటోలు పద్నాలుగు ప్రింట్ తీసి, ల్యామినేట్ చేయించి, రింగుకి గుచ్చాను. రోజూ రాత్రి వాడు పడుకునే ముందు ఒక్కొక్కటే తిప్పేవాళ్లం. చివరి ఫోటో మా ఇంటి తలుపు. ఎక్కడికి వెళ్లినా తిరిగి ఇంటికే వస్తామని వాడికి కంటికి కనబడాలి. ల్యామినేషన్‌కి ఏడు పౌండ్లు, శబ్దం తగ్గించడానికి చెవులకి పెట్టే కొత్త ఇయర్ డిఫెండర్లకి పదహారు. ఈ మొత్తం పనిలో విడిగా అయిన ఖర్చు ఇంతే.

ఆగస్టు 12న లోపలికి వెళ్లాం, కింది అంతస్తు వరకే. సీజర్ల హాల్ అంటారు, రోమన్ చక్రవర్తుల తలల శిల్పాలు ఉంటాయి. అక్కడ నేను అనుకోని తిప్పలు ఒకటి వచ్చింది. ఇలాంటి ఇళ్లలో వీపున బ్యాగు వేసుకుని తిరగనివ్వరు, వెనక్కి తిరిగినప్పుడు దేనికైనా తగులుతుందని. తీసి పొట్ట మీదకి వేసుకున్నాను. బాబుకి అది నచ్చలేదు. అమ్మ బ్యాగు ఎప్పుడూ వీపు మీద ఉంటుంది, ముందుకెలా వచ్చింది? లాగుతూనే ఉన్నాడు. పది నిమిషాలకి ఫోటోల రింగులో ఇంటి తలుపు చూపించి బయటికి వచ్చేశాం. ఆ తర్వాత మూడు వారాలు ఇంట్లో, సూపర్‌మార్కెట్‌లో, అన్నిచోట్లా బ్యాగు ముందుకే వేసుకుని తిరిగాను.

సెప్టెంబర్ 2, స్కూళ్లు ఇంకా తెరవలేదు. ఇద్దరి మెడలోనూ ఆకుపచ్చ సన్‌ఫ్లవర్ లాన్యార్డ్. ఇండియా వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో ఇచ్చినవి, పైకి కనబడని వైకల్యం ఉందని గుర్తు. బాబు ఒక చేతిలో ఆ టీజిల్. జూన్ నుంచి దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాడు. ఇంట్లోనే పులిహోర, పెరుగన్నం పెట్టేశాను, ఆకలితో వెళ్లకూడదని. రెండూ నలభైకి కారు ఆపాం.

పాప ఆరు మెట్లకొకసారి కూర్చుంటూ పైకి ఎక్కింది. మెట్లకే పన్నెండు నిమిషాలు. ఎవరూ తొందరపెట్టలేదు. నేనైతే వెనక ఎవరైనా వస్తున్నారేమో అని తిరిగి చూస్తూనే ఉన్నాను, ఆ అలవాటు పోవడం లేదు.

పైన మార్బుల్ హాల్. నాకు టెన్షన్ అంతా దాని గురించే. రాయి నేల, ఎత్తైన కప్పు, ఏ శబ్దమైనా తిరిగొస్తుంది. రెండు వైపులా లేత గులాబీ అలబాస్టర్ రాతి స్తంభాలు, వెలుతురు పైకప్పులోంచి పడుతుంది. బాబు మధ్యలో ఆగిపోయాడు. అయిపోయింది, ఇప్పుడు కింద పడతాడు అనుకుని నేను ఫోటోల రింగు తీశాను. వాడు తల పైకెత్తి "ఊఁ..." అన్నాడు. వాడు సంతోషంగా ఉన్నప్పుడు చేసే చప్పుడు అది. హాలు "ఊఁ..." అని తిరిగి పలికింది. వాడు ఇయర్ డిఫెండర్ ఒకవైపు పక్కకి జరిపాడు. మళ్లీ అన్నాడు. మళ్లీ పలికింది. వాడికి జవాబిచ్చిన గది అదే మొదటిది. అక్కడున్న వాలంటీర్ వైపు నేను భయంగా చూస్తే, ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపారు.

పాప స్టూల్ మీద కూర్చుని స్తంభాలు లెక్కపెట్టింది. ఉన్నవి ఇరవై. తనకి పన్నెండు తర్వాత పద్నాలుగు, పదమూడు ఎప్పుడూ నోటికి రాదు. అందుకే మా లెక్కలో ఇరవై ఒకటి. వాలంటీర్ అడిగితే ఇరవై ఒకటి అని గట్టిగా చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆగి, "నేను మళ్లీ లెక్కపెట్టుకుంటాను" అన్నారు.

పైన ఇంకా చూసింది రెండే గదులు. డ్రాయింగ్ రూమ్‌లో బంగారు పూత సోఫాలకి నడుము దాకా మనుషులు, కింద చేప తోక ఉన్న బొమ్మలు చెక్కి ఉన్నాయి. పాప తోకల్ని చూసి కదల్లేదు. రాజులకోసం సిద్ధం చేసిన పడగ్గదిలో మంచం నాలుగు కోళ్లూ తాటిచెట్ల ఆకారంలో, పైదాకా ఆకులతో ఉన్నాయి. "మన తాటిచెట్టే! వీళ్లకి తాటిచెట్టు ఎక్కడ దొరికింది?" అన్నారు అత్తయ్యగారు. సెలూన్ అని పిలిచే గుండ్రటి పెద్ద హాలు, లైబ్రరీ వదిలేశాం. పైన మొత్తం ముప్పై అయిదు నిమిషాలు. మూడు గదులకి మించకూడదని ఇంట్లోనే అనుకున్నాం, ఎంత బాగున్నా సరే. సెలూన్ గుమ్మం ముందు నుంచి వెళ్తూ మా ఆయన ఒకసారి లోపలికి తొంగి చూశారు, అంతే.

కింద ఈస్టర్న్ మ్యూజియం ఉంది. ఈ ఇల్లు కర్జన్ల వంశం కట్టించుకున్నది. 1899 నుంచి 1905 దాకా మన దేశానికి వైస్రాయ్‌గా ఉన్న లార్డ్ కర్జన్ ఇక్కడివాడే. అతను తూర్పు దేశాల నుంచి తెచ్చుకున్నవి అక్కడ పెట్టారు. బెంగాల్‌ని రెండుగా చీల్చింది ఇతనే అని నేను చెప్తే అత్తయ్యగారు నిలబడిపోయారు. మా రాజమండ్రిలో పాల్ చౌక్ ఉంది. ఆ విభజన తర్వాత వందేమాతరం ఉద్యమంలో 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి మాట్లాడిన జ్ఞాపకంగా ఆ పేరు. "ఆ కర్జన్ ఇల్లా ఇది!" అన్నారు. ఇంకేమీ అనలేదు. చీర కొంగు భుజం మీదుగా నిండుగా కప్పుకుని నడిచారు.

అక్కడే అద్దాల పెట్టెలో లేడీ కర్జన్ గౌను. 1903 ఢిల్లీ దర్బార్ అప్పటి విందు నాట్యానికి వేసుకున్నది. బంగారు తీగలతో ఒళ్లంతా నెమలి పింఛాలు కుట్టారు. కుట్టింది మన దేశపు పనివాళ్లు, తర్వాత పారిస్ పంపి గౌనుగా తయారు చేయించారు. వెలుతురు చాలా తక్కువ. నాకు మొదట మట్టిరంగు గౌనులాగే కనిపించింది. ఇంతేనా అనుకున్నాను.

బాబు అద్దం ముందు ఊగడం మొదలుపెట్టాడు. కుడికీ ఎడమకీ, కళ్లు ఓరగా పెట్టి. బయట ఇలా ఊగితే నేను భుజం మీద చెయ్యి వేసి ఆపుతుంటాను, నలుగురూ చూస్తారని. ఆ రోజు గదిలో మేం తప్ప ఎవరూ లేరు, ఆపలేదు. వాడు రెండు నిమిషాలైనా కదలకపోయేసరికి, ఏం చూస్తున్నాడో అని వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వాడి ఎత్తుకి తల దించి, వాడితోపాటు ఊగాను. ప్రతి పింఛం కంట్లోనూ ఆకుపచ్చ మెరిసింది. అటు ఒరిగితే నీలం. ఇటు ఒరిగితే మళ్లీ ఆకుపచ్చ. కదలకుండా నిలబడితే ఏమీ లేదు.

"అమ్మాయ్, ఇవి జీరంగి రెక్కలు!" అన్నారు అత్తయ్యగారు. నాకు నమ్మకం కలగలేదు. పక్కన రాసి ఉన్నది చదివాను, నిజమే, పురుగు రెక్కల పెంకులు. ఆవిడ చిన్నప్పుడు తుమ్మచెట్ల మీద జీరంగుల్ని పట్టి, అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచేవారట. గుడ్డు పెడుతుందని రోజూ తెరిచి చూసుకునేవారట. చచ్చిపోతే రెక్కలు దాచుకునేవారట. డెబ్బై ఏళ్ల మనిషి, అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్లి, "బుజ్జి తండ్రీ, ఇలాంటివి నాకు డబ్బా నిండా ఉండేవిరా" అని వాడి పక్కన తనూ నెమ్మదిగా ఊగారు. ఈ పిల్లాడు పుట్టినప్పటి నుంచి ఆవిడ వాడితో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు, వాడు ఒక్కసారీ తెర వైపు చూడలేదు. ఇద్దరూ కలిసి ఒకే వస్తువుని చూడ్డం నేను అప్పుడే చూశాను. మా ఆయన వెనక నుంచి కళ్లు తుడుచుకుంటున్నారు.

పద్దెనిమిది నిమిషాలు అక్కడే ఉన్నాం. పాప స్టూల్ మీద కూర్చుని జంతికలు అడిగింది, ఇక్కడ తినకూడదని చెప్తే ఒప్పుకుంది. వెళ్దామని ఫోటోల రింగు చూపించినప్పుడు బాబు ఇంటి తలుపు ఫోటోని వెనక్కి తోసేశాడు. ఇంకా ఉంటానని. వాడు అలా తోయడం మొదటిసారి. ఇంకో అయిదు నిమిషాలు ఉండి, నాలుగుంబావుకి బయటికి వచ్చాం. ఏడుపు లేదు. గడ్డి మీద కూర్చుని జంతికలు తిన్నాం, గొర్రెలు దగ్గరిదాకా వచ్చాయి.

ఆ రాత్రి అన్నాల వేళ అత్తయ్యగారు సోఫాలో కూర్చోబోయి ఆగారు. సోఫా మధ్యలో టీజిల్ ఉంది. మూడు నెలల్లో దాన్ని బాబు చేతిలోంచి దించి ఎక్కడా పెట్టింది లేదు, ఒక్క దిండు పక్కన తప్ప. వాడు పక్కన నిలబడి ఆవిడ మొహం వంక చూస్తున్నాడు. "కూర్చోవద్దంటున్నాడే వీడు!" అన్నారు ఆవిడ. నేను వంటింట్లోంచి వచ్చి చూసేసరికి పాప నా చున్నీ తెచ్చి సోఫా ఈ చేతికీ ఆ చేతికీ తాడులా కడుతోంది. అత్తయ్యగారు కింద చాప పరుచుకున్నారు. అందరం చాప మీదే కూర్చుని అన్నం తిన్నాం.